పడసాలలో తుపాకులు

మొన్న మా ఊరి గంగయ్య కొడుకు ఓబులేసు మా ఇంటికి వచ్చాడు. కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంటాడు, స్కూలు బస్సు తోలతాడు. బస్సును ప్రొద్దుటూరులో రిపేరుకు వదిలి, సాయంత్రందాకా ఏం చేయాలో తోచక, ఊరి టీచరమ్మను చూసిపోదామని వచ్చాడట. కాఫీ తాగుతూ ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. యుద్ధం జరుగుతున్న ఏదో దూరదేశం. మంచు పడుతున్న వీధిలో మామూలు జనం వరసగా నిలబడి తుపాకులు తీసుకుంటున్నారు. వాళ్ళలో ఒకామెకు నా వయసే ఉంటుంది. తలకు గుడ్డ కట్టుకుని, తుపాకిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని నిలబడింది. ఓబులేసు నవ్వుతూ అడిగాడు. "టీచరమ్మా, మనూర్లో గూడా ఒగప్పుడు మనోళ్ళు అమెరికావోళ్ళ మిందికి తుపాకులు పట్టుకోని కాపలా కాసినారంట గదా. మా నాయిన చెప్తే కత అనుకుంటి. నిజమేనా?"

నిజమేనని చెప్పాను. వాడు ఇంకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, అది ఎక్కువసేపు నిలవలేదు. ఆ తుపాకులు ఉన్నది మా ఇంట్లోనే. వాటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. ఇనుము, శెనక్కాయ నూనె, కాల్చిన మందు ఘాటు, వాటి మీద మా అమ్మ వెలిగించిన కర్పూరం, అన్నీ కలిసిన వాసన. మా ఊరు ఇప్పుడు గండికోట రిజర్వాయరు నీళ్ళ అడుగున ఉంది. మా పడసాల గోడలు ఈపాటికి కరిగి బురదైపోయి ఉంటాయి. ఆ వాసన మాత్రం నాతో ప్రొద్దుటూరుకు వచ్చేసింది.

మా ఊళ్ళో రెండు వీధులు. పైవీధికి పెద్ద చెన్నప్ప, అంటే ఈ ఓబులేసు తాత. కిందివీధికి వీరన్న. ఇద్దరికీ ఎందుకు చెడిందో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవాళ్ళు. ఒకరు కాలువ నీళ్ళంటే ఇంకొకరు తిరునాళ్ళలో ఎడ్ల పందెమనేవాళ్ళు. కారణం ఏదైనా రెండు వీధుల్లోనూ మగదిక్కు పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. శెనక్కాయ చేలమీద పడే అడివి పందులను బెదిరించడానికని అందరి దూలాలకూ తుపాకులు వేలాడుతుండేవి. కొన్నిటికి లైసెన్సులుండేవి, కొన్నిటికి లేవు. పందుల పేరు చెప్పుకునేవాళ్ళే గానీ, ఎవరి తుపాకి ఎవరి కోసమో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మా నాన్న ఆ ఊరి బడి అయ్యవారు, పండగలకూ పబ్బాలకూ పురోహితుడు కూడా. రెండు వీధులూ కలిసేచోట మా ఇల్లు. మేము ఏ వీధివాళ్ళమూ కాము కాబట్టి ఇద్దరికీ కావలసినవాళ్ళం. ఇద్దరికీ కావలసినవాళ్ళుగా ఉండడం ఎంత కష్టమో మా అమ్మనే అడగాలి. పైవీధి పెళ్ళికి పోయి ఒక లడ్డు తెస్తే కిందివీధి పెళ్ళికి పోయి ఒక లడ్డు తేవాల్సిందే.

మా అమ్మ తెల్లవారకముందే లేచేది. బావిలో నీళ్ళు తోడి నెత్తిన పోసుకుని, దండెం మీద ముందురోజే కర్రతో ఆరేసిన మడిచీర దించి కట్టుకుని, తడిజుట్టు ముడి వేసి పొయ్యి దగ్గర కూర్చుంటే, దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవరినీ తాకేది కాదు. నేను అప్పటికి జమ్మలమడుగులో పరీక్ష రాసి, తరువాత ఏం చదవాలో తేలక ఇంట్లో ఉన్నాను. పొరపాటున నా పావడా అంచు తగిలితే మళ్ళీ బావి దగ్గరికి పోయేది. తిట్టేది కాదు. ఒక్క చూపు చూసి పోయేది, ఆ చూపు కంటే తిట్టే నయం. శాస్త్రం నాన్న చెప్పేవాడు, పాటించేది అమ్మ. నాన్నకు మంత్రంలో తప్పు దొర్లితే సర్దుకునేవాడు. అమ్మకు ఆచారంలో తప్పు దొర్లితే ఆ పూట అన్నం సహించేది కాదు.

అట్లాంటి రోజుల్లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. నాన్న రేడియోను తుండుగుడ్డలో చుట్టి అరుగుమీదకు తెచ్చేవాడు. వార్తల వేళకు పైవీధివాళ్ళు అరుగుకు ఈ పక్కనా కిందివీధివాళ్ళు ఆ పక్కనా కూర్చునేవాళ్ళు. ఒకరోజు అమెరికా యుద్ధనౌక బంగాళాఖాతంలోకి వస్తోందని చెప్పారు.  మరునాడు నాన్న బళ్ళోని మ్యాపు తెచ్చి గోడకు తగిలించి, వెదురుకర్రతో సముద్రాన్ని చూపించాడు. నెల్లూరు దగ్గర దిగితే బద్వేలు మీదుగా మనదాకా రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని పెద్దమనుషులు లెక్కలు వేశారు. వాళ్ళు మా ఊరికే ఎందుకొస్తారని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, మనూరంటే అంత చులకనా అని వాడిని తన్ని ఉండేవాళ్ళు.

మిలిటరీ మస్తాన్ మామ అని ఒకాయన ఉండేవాడు. సైన్యంలో లారీ తోలి వచ్చాడు గానీ మాటల్లో మాత్రం సేనాపతి. ఆయన్ను నాన్న అడిగాడు, మన తుపాకులతో ఒక సైన్యాన్ని ఆపగలమా అని. మస్తాన్ మామ గొప్పలు చెబుతాడని అందరం ఎదురుచూశాం. ఆయన బీడీ ఆర్పి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా చెప్పాడు. "ఆపల్యాం అయివోరూ. పందుల తుపాకులకు ట్యాంకులు ఆగవు. అయితే వోళ్ళను ఈడ నిద్ర పోనియ్యం. నీళ్ళు తాగాలన్నా బయపడాల. కొండ సందుల్లో మనకు తెలిసినట్ల దోవ వోళ్ళకు తెల్దు. ఎన్ని దినాలుంటారు నిద్రల్యాకుండా?"

నాన్నకు ఆ మాట బాగా పట్టేసింది. ఎవడు గెలిచినా ఊళ్ళలో ఉండాల్సింది మనుషుల మధ్యనే గదా, ఆ మనుషులు ఒక్కటిగా ఉంటే ఏ రాజ్యమైనా రావడానికి ఆలోచిస్తుందని ఆయన వాదం. ఒక్కటిగా ఉండడం దగ్గరే మా ఊరికి చిక్కు. చెన్నప్ప వీరన్నను నమ్మి చీకట్లో పక్కన నిలబడడు, వీరన్న చెన్నప్పకు వీపు చూపించడు. అప్పుడు నాన్న ఒక ఉపాయం చెప్పాడు. దసరాకు చేసినట్టే ఆయుధపూజ చేద్దామన్నాడు. రెండు వీధుల తుపాకులూ మా పడసాలలో ఒకచోట పెట్టి వాటిలోకి అమ్మవారిని ఆవాహన చేస్తాడు. సాయంత్రం వీధికొకరు చొప్పున జతగా తుపాకులు తీసుకుని కాపలాకు పోవాలి, పొద్దున్నే తెచ్చి అక్కడే పెట్టాలి. బయటి శత్రువు మీద తప్ప వాడకూడదు. నాన్న ఉద్వాసన చెప్పి అమ్మవారిని సాగనంపేదాకా ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు.

వీరన్న తెలివైనవాడు. మరి అయ్యవారు ఉద్వాసన చెప్పకుండా నాన్చితే ఎట్లా అన్నాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. రోజూ దీపం, నైవేద్యం జరిగినంతకాలం అమ్మవారు ఉన్నట్టే. ఒక్కరోజు అవి ఆగినా ఆమె లేచిపోయినట్టు లెక్క, అప్పుడు ఎవరి తుపాకి వాళ్ళు తీసుకుపోవచ్చు. ఇద్దరూ కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. మా అమ్మను ఎవరూ అడగలేదు. నైవేద్యం వండాల్సింది ఆమె.

ఆ కాపలా రోజులు మా ఊరి చరిత్రలోకెల్లా మంచి రోజులని ఇప్పటికీ అనుకుంటాను. ఒకరి నీడ ఒకరికి పడని ఇళ్ళ కుర్రాళ్ళు ఒకే కంబడి కప్పుకుని చలికి వణుకుతూ సముద్రం నుంచి వచ్చేవాడి కోసం తూర్పుకు చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎప్పటెప్పటివో నాటుబాంబులను రెండు వీధులవాళ్ళూ కలిసి కొండదోవలో బండల సందుల్లో దాచారు. తరువాత అవి అక్కడే నాని చెడిపోయాయి, ఆ దేశసేవ ఒక్కటి చాలు. పైవీధి ముసలమ్మ ఒకామె కిందివీధి పిల్లవాడికి జొన్నరొట్టె కట్టిచ్చింది. అందుకు కొడుకు కోప్పడితే, అమెరికావోడు వచ్చినప్పుడు నువ్వొక్కనివే కొడ్తావా అని అడిగిందట. వాళ్ళను తలుచుకుని నవ్వుతాం గానీ, ఊరికోసం చావడానికి నిజంగానే సిద్ధపడ్డారు. ఆ వీడియోలో ముసలామెను చూసి నాకు నవ్వు రాకపోవడానికి కారణం అదే.

యుద్ధం రెండు వారాల్లో అయిపోయింది. అమెరికా ఓడ మా తుపాకులకు జడిసి వెనక్కి పోలేదని నాకూ తెలుసు. కాపలా ఆగిపోయింది, తుపాకులు మాత్రం పడసాలలోనే ఉన్నాయి. మొదట ఎవరు తీసుకుపోవాలి? ఒకరు తీసుకుంటే రెండోవాడు ఊరుకోడు. నాన్న దీన్ని కనిపెట్టి, ఓడ ఇంకా పూర్తిగా పోలేదట, చూద్దాం అంటూ నాన్చాడు. రోజూ పొద్దున్నే వీధికొకరు వచ్చి, కిటికీలోంచి తుపాకులు ఉన్నాయో లేదో చూసి, గంట మోగేదాకా నిలబడి, అమ్మ చేతి పులగం ప్రసాదం తిని పోయేవాళ్ళు. పైవీధి నుంచి వచ్చేది చెన్నప్ప చిన్నకొడుకు గంగయ్య. నాకంటే రెండుమూడేళ్ళు పెద్ద, వాగుడుకాయ. అమ్మను అయివోరమ్మా అయివోరమ్మా అంటూ, పులగంలో మిరియాలు పెద్దవని, నెయ్యి చిన్నబోయిందని ఏదో ఒకటి అనేవాడు. అమ్మ దూరంగా నిలబడి ఆకులోకి ఇంకో ముద్ద జారవిడిచేది. మా ఇంటి పని రెట్టింపైంది. అమ్మకు ఒంట్లో బాగున్నా బాగలేకున్నా మడి తప్పలేదు. ముట్టు రోజుల్లో నాన్న వండేవాడు.

అట్లా ఉండగా జమ్మలమడుగు బస్టాండులో వీరన్న మేనల్లుడికీ గంగయ్యకూ మాటామాటా పెరిగింది. గంగయ్య, వాడి స్నేహితులు కలిసి ఆ పిల్లవాడి చెయ్యి విరగ్గొట్టారు. కిందివీధి భగ్గుమంది. గంగయ్యను ప్రాణాలతో ఉంచబోమని వీరన్న ఇంటిముందు నిలబడి అన్నారు. ఇంక పడసాలలో ఉన్న తుపాకుల మీదే అందరి కళ్ళూ. అవి బయటికొస్తే మొదట పోయేది గంగయ్య ప్రాణమని ఊరంతటికీ తెలుసు. పంచాయితీ పెట్టి తెగ్గొడదామని నాన్న రెండిళ్ళ మధ్యా తిరుగుతున్నాడు. ప్రమాణానికి కట్టుబడి గంగయ్య మాత్రం రోజూ మా ఇంటికి వచ్చిపోతూనే ఉన్నాడు. ఆ దోవలో వాడిని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ సమయంలోనే పులివెందుల నుంచి ఎర్రన్న వచ్చాడు. అమ్మ పుట్టింట్లో, మా మామ దగ్గర పశువులు కాసే మనిషి. నేను పెరట్లో కూర్చుని కందిపప్పు ఏరుతున్నాను, అమ్మ బావి దగ్గర ఉంది. ఎర్రన్న దడి అవతలే నిలబడ్డాడు. లోపలికి రాలేదు, మంచినీళ్ళు అడగలేదు. ఎప్పుడొచ్చినా గడపలోకి వచ్చి చెంబుతో మజ్జిగ తాగేవాడు అట్లా దడి బయట నిలబడ్డాడంటే ఎందుకో అమ్మకు అర్థమైంది. మా అమ్మమ్మ అప్పటికే మంచంలో ఉంది. వాడు "అమ్మా, పెద్దమ్మ..." అనగానే అమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"చెప్పొద్దు ఎర్రన్నా. నువ్వు చెప్పల్యా, నేను ఇనల్యా. రాలేనని మా అన్నకు చెప్పు."

వాడు తలపాగా తీసి చేతిలో పట్టుకుని వెళ్ళిపోయాడు. అమ్మ నావైపు తిరిగింది. నువ్వు కూడా విన్లేదని మాత్రం అంది. అప్పటిదాకా కన్నతల్లి చావు కబురు విని ఒక్క కన్నీటిచుక్క రాల్చని మనిషిని నేను చూడలేదు.

తెలియనివాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో పెళ్ళయిన కూతురికి తల్లి చనిపోతే మూడు రోజులు మైల. ఆ కబురు చెవిన పడ్డ క్షణం నుంచి మైలే. ముట్టు రోజుల్లాగా ఇంకొకరు వండితే చెల్లేది కాదు. మా ఊరి లెక్కలో ఆ ఇంట్లో దీపం ఉండదు, నైవేద్యం ఉండదు. అమ్మ ఏడిస్తే ఇరుగుపొరుగుకు తెలుస్తుంది. తెలిస్తే పూజ ఆగుతుంది, ఆగితే మధ్యాహ్నానికల్లా తుపాకులు వీధుల్లో ఉంటాయి. అందుకని ఏడవలేదు. మరునాడు తెల్లవారకముందే ఎప్పటిలాగే బావి దగ్గర నీళ్ళు పోసుకుని, మడిచీర కట్టుకుని, మైలచేతులతో అమ్మవారికి వండింది. పావడా అంచు తగిలితే స్నానం చేసే మా అమ్మ! నాన్నకు చెప్పలేదు, చెబితే ఆయన నోట మంత్రం రాదని భయం. ఉపవాసమని చెప్పి ఆ మూడు రోజులూ తను మెతుకు ముట్టలేదు.

రెండోరోజు వీరన్నే స్వయంగా వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. ఎవరో పులివెందుల మనిషి మా దడి దగ్గర కనబడ్డాడని ఆయనకు చేరిపోయింది. గంట మోగాక అమ్మ ఆకులో ప్రసాదం పట్టుకుని వచ్చింది. "అమ్మా, మీ పుట్టింటి నుంచి మనిషొచ్చినాడంట. అంతా బాగుండారా?" అన్నాడు. నేను తలుపుచాటున గడియ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఆయన మొహంలోకి చూసి చెప్పింది, "మా అమ్మకు శానా దినాలుగా బాగలేదు నాయినా. ఇప్పుడు బాధ ల్యా." వీరన్న ప్రసాదం కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

మూడోరోజు సాయంత్రం పంచాయితీ తేలింది. ఆ చెయ్యి విరిగిన పిల్లవాడికి వైద్యం చెన్నప్ప చేయించాలి, గంగయ్య కొన్నాళ్ళు ఊళ్ళో ఉండకూడదు. ప్రొద్దుటూరులో నూనెమిల్లుకు పనికి పంపించారు. నాలుగోరోజు పొద్దున అమ్మ తలకు పోసుకుని వచ్చి, నాన్న ముందు నిలబడి జరిగింది చెప్పింది. నాన్న జపమాల పక్కన పెట్టేశాడు. మొదట ఆయనకు కోపం వచ్చింది, అమ్మవారి ముందు అంత అపచారమా అని. "ఎవురో ఒగరు ఏడవాల్సి వచ్చింది. గంగయ్య వాళ్ళమ్మ బదులు నేను ఏడుచ్చా అనుకున్న్యా. దోషముంటే నాకే రానీ" అంది అమ్మ. నాన్న లేచి, ఆమె చెంబు తీసుకుని తనే నీళ్ళు తోడిపెట్టాడు. నాకు తెలిసి ఆయన బావి దగ్గరికి పోయి ఎవరికోసమైనా నీళ్ళు తోడడం అదే మొదలు.

అమ్మ బస్సెక్కి పులివెందుల పోయింది. అక్కడ మా మామ మాట్లాడలేదు. చనిపోయిన తల్లిని చూడడానికి కబురు పంపితే రాలేనన్న చెల్లెలితో తనకేం పనని మా అత్తతో అనిపించాడు. కారణం అమ్మ చెప్పలేకపోయింది. చెబితే ఆ మాట ఏదో ఒకనాటికి మా ఊరికి చేరుతుంది, ప్రమాణం చెల్లలేదంటారు. కొన్నాళ్ళకు ఎన్నికలొచ్చాయి, తుపాకులు స్టేషనులో ఇవ్వాలని పోలీసులు చెప్పారు. నాన్న ఉద్వాసన చెప్పాడు. లైసెన్సు ఉన్నవి ఎద్దులబండి మీద జమ్మలమడుగు పోయాయి, లేనివి పెన్నలో పడ్డాయి. అప్పటికైనా చెప్పమ్మా అన్నాను. అప్పటికే రోషం ముదిరిపోయింది, మామకూ అమ్మకూ. ఆయన పోయేదాకా చెల్లెలి మొహం చూడలేదు. ఆ మూడు రోజుల తరువాత మా అమ్మకు పుట్టిల్లు లేదు.

ఇదంతా ఓబులేసుకు చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. అయితే మన చేతిలో తుపాకి ఉంటే బయటివాడు రాడా అని వాడు అడిగాడు. దానికి నాకు ఇప్పటికీ పూర్తి జవాబు తెలియదు. మస్తాన్ మామ చెప్పింది నిజమే కావచ్చు, నిద్రపోనివ్వకుండా చేయవచ్చు. ఆ దూరదేశపు ముసలామె ఇంటిముందుకు శత్రువు నిజంగానే వచ్చాడు, ఆమె తుపాకి పట్టుకోవడం తప్పని నేను అనలేను. ఆమె ఇంటిముందు నిలబడాల్సి వస్తే నేనూ పట్టుకుంటానేమో. మా ఊరికి బయటి సైన్యం రాలేదు, నీళ్ళొచ్చాయి. అప్పుడు తలుపులూ దూలాలూ పీక్కుని ట్రాక్టర్లలో వేసుకుని మేమే బయటికి నడిచాం. కాలనీలో లాటరీ వేసి స్థలాలిస్తే పైవీధి, కిందివీధి కలిసిపోయాయి. చెన్నప్ప మనవడికి వీరన్న మనవడు పక్కింటివాడు, ఇద్దరికీ ఒకటే కుళాయి. ఇప్పటి పిల్లలకు శత్రువంటే ఫోనులో కనబడేవాడు. మా కాలంలో వాడు ఎదురింట్లో ఉండేవాడు. పొద్దున లేస్తే కనబడేవాడు.

ఓబులేసు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. వాళ్ళ నాయనకు ఇది తెలుసా అని అడిగాడు, తెలియదన్నాను. చెప్పొచ్చా అన్నాడు. చెప్పొచ్చనే అనిపించింది. ఇంకెవరున్నారు దాచడానికి?

మరునాడు పొద్దున్నే గంగయ్య ఫోను చేశాడు. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేకుండా ఉన్నాడని విన్నాను. 

"పాపా," అన్నాడు. నన్ను అట్లా పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. "ఆ మూడు దినాలూ నేను వస్తానే ఉన్న్యా గదా. ఒగ దినం పులగంలో ఉప్పు ల్యా. ఏం అయివోరమ్మా, ఉప్పుకు గూడా కరువొచ్చెనా మీ ఇంట్లో అని ఎక్కిరిచ్చినా. వాకిట్లో అందరూ నవ్విరి. ఆయమ్మ గూడా నవ్వె. లోపలికి పోయి, ఉప్పు తెచ్చి నా ఆకులో ఏసె పాపా."